అన్న ఇచ్చిన నారు

గుంటూరు,
శ్రావణ మాసం

చిట్టితల్లీ,

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మీ క్లాసు పిల్లాడికి వాళ్ళన్నయ్య మూలకణాలు, అంటే రక్తకణాలన్నిటినీ పుట్టించే కణాలు, ఎక్కించి నాలుగు నెలలయింది కదా, ఇంకా బడికి ఎందుకు రానివ్వడం లేదు, ఎన్నాళ్ళకి వస్తాడో లెక్క కట్టలేరా అన్నావు. కట్టే ప్రయత్నం చేస్తూనే ఉన్నారమ్మా.

మన వరిచేను తలుచుకో. ముందు దమ్ము చేస్తారు. కలుపూ, గడ్డీ, పాత మొదళ్ళూ అన్నీ బురదలో కలిసిపోతాయి. ఆ పిల్లాడి ఎముకల మూలుగలో చెడ్డ కణాలు పుడుతుంటే డాక్టర్లు గట్టి మందులతో చేసింది అదే. వాటితోపాటు మంచివీ పోయాయి. ఇక నారు ఇంకొకరి మడి నుంచి తేవాలి. ఏ మడిదైనా పనికిరాదు, ఇది నా ఒళ్ళే అని పోల్చుకునేలా కణాల మీదుండే గుర్తులు కలవాలి. ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. వాళ్ళన్నయ్యవి కలిశాయి.

నా చిన్నప్పుడు, తెనాలి పక్క మా ఊళ్ళో, ఒక ఏడు ముసురు పట్టి నారుమడి మునిగి కుళ్ళిపోయింది. పెదనాన్న మడిలోంచి నారు తీసి, కట్టలు నెత్తిన పెట్టుకుని గట్లమ్మట మోశాం. నాటిన మూడోనాటికి చేనంతా పసుపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. వేళ్ళు పట్టాయో లేదో చూద్దామని నాలుగు మొక్కలు పీకాను. పట్టాయి, సన్నగా, తెల్లగా. మళ్ళీ గుచ్చితే ఆ నాలుగూ చచ్చిపోయాయి. నాన్న కొట్టలేదు. "ఆకు చూసి వేరు సంగతి తెలుసుకోవాలిరా" అన్నాడు.

డాక్టర్లదీ అదే అవస్థ. అస్తమానం ఎముక గుచ్చి చూడలేరు. కాస్త రక్తం తీసి ఏ కణాలు ఎన్నున్నాయో చూస్తారు. ఆ అంకెల్ని బట్టి లెక్కలవాళ్ళు రేపటి అంకె అంచనా కడతారు. అలాంటి లెక్క ఒకటి బెల్జియం ఆయన వెర్హుల్స్ట్ 1838లో జనాభా కోసం రాశాడు. పెరుగుదల ఇప్పుడున్నదాన్ని బట్టీ, మిగిలిన ఖాళీని బట్టీ ఉంటుందన్నాడు. చేలో 1000 పిలకలకి చోటుందనుకో. 10తో మొదలుపెట్టు. ఉన్న సంఖ్యని ఖాళీ వంతుతో (మొదట 1000లో 990, అంటే 0.99) గుణించి, వచ్చినది ఉన్నదానికి కలుపుతూ పో. దశాంశాలు లెక్కలో ఉంచుకుని, రాసేటప్పుడు మాత్రం దగ్గరి అంకె వెయ్యి. 10, 20, 39, 77, 149, 275, 474, 724, 924. మొదట నత్తనడక, నడుమ పరుగు, చివర మళ్ళీ నెమ్మది.

ఒంట్లో పంట ఒకటి కాదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మామూలుగా 2 నుంచి 4 వారాల్లో తేరుకుంటాయి. రోగాలతో పోరాడే టి కణాలనే ఇంకో రకం తెల్లకణాలకి నెలలు, ఒక్కోసారి ఏడాదీ రెండేళ్ళూ పడుతుంది. రొమ్ముఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంది, అది వాటి బడి. తన ఒళ్ళేదో పరాయిదేదో అక్కడ నేర్చుకోవాలి. పిల్లల్లో ఆ గ్రంథి పెద్దది, అందుకని వాళ్ళు పెద్దవాళ్ళకన్నా త్వరగా కోలుకుంటారు. అన్న దగ్గర్నుంచి వచ్చిన ముదురు టి కణాలు తమ్ముడి ఒంటి మీద తిరగబడకుండా అణిచే మందులిస్తారు. ఆ మందులు కొత్త పంటనీ నెమ్మది చేస్తాయి. అందుకే ఇంకా బడికి రానివ్వడం లేదు. ఇన్ని వేగాలనీ, మందునీ కలిపి సమీకరణాలు రాయాలి. పాత టీకాల జ్ఞాపకం చాలావరకు పోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. తట్టు టీకా లాంటివయితే మామూలుగా రెండేళ్ళయినా ఆగాలి. నీకు జలుబుంటే వాళ్ళింటికి వెళ్ళకు తల్లీ, ఫోను చెయ్యి.

నా పోలిక ఒకచోట నిలవదు. నారు మనం గుచ్చుతాం. ఈ కణాల్ని ఎవరూ ఎముకలో గుచ్చలేదు. సెలైను ఎక్కించినట్టు నరంలోకి వదిలారు, అంతే. అవే రక్తంలో తిరిగి తిరిగి మూలుగకి దారి పట్టాయి. అక్కణ్ణుంచి వచ్చే రసాయనాలు పిలుస్తాయట. రాత్రి ఆరుబయట పడుకుని ఆ పిలుపు గురించి తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మన చేలో నాట్లు పడి రెండు వారాలయింది. ఆదివారం నాన్నతో బ్యారేజీ దాటి రా. ఒక కుదురు పక్కన పుల్ల పాతి పిలకలు లెక్కపెట్టు. ఆ తర్వాత వారంవారం నేను లెక్కపెట్టి ఫోనులో చెబుతాను, నువ్వు గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టుకో. మొక్కని మాత్రం పీకి చూడకు.

తాతయ్య