చందాల పరిశోధనకు పూచీ ఎవరిది?

పరిశోధన కోసం జనం దగ్గర చిన్న మొత్తాలు పోగుచేయడం ఇంటర్నెట్‌తో మొదలైన పద్ధతేమీ కాదు. పోలియో నిర్మూలనకు అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1938లో నెలకొల్పిన ఫౌండేషన్ 'మార్చ్ ఆఫ్ డైమ్స్' పేరిట పిలుపునిస్తే, పది సెంట్ల నాణేలు పెట్టిన ఉత్తరాలు శ్వేతసౌధానికి బస్తాలకొద్దీ వచ్చిపడ్డాయి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జోనాస్ సాల్క్ చేసిన టీకా పరిశోధనకూ, 1954లో సుమారు 18 లక్షల మంది పిల్లలతో జరిగిన పరీక్షలకూ ఆ ఫౌండేషనే డబ్బు సమకూర్చింది. టీకా సురక్షితమని, పనిచేస్తుందని 1955లో ప్రకటన వెలువడింది. నాణెం పంపినవారికి సాల్క్ ఎవరో తెలియనక్కరలేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చేందుకూ, ఖర్చుకు జవాబు చెప్పేందుకూ మధ్యలో ఒక సంస్థ ఉండేది.

ఇంటర్నెట్‌లో జనం నుంచి నేరుగా చందాలు పోగుచేసే క్రౌడ్‌ఫండింగ్ వేదికలు వచ్చాక ఆ మధ్యవర్తి లేకుండా పోయాడు. 2011లో 49 మంది శాస్త్రవేత్తలు 'సైఫండ్ ఛాలెంజ్' పేరుతో నేరుగా ప్రజలను అడిగి సుమారు 76 వేల డాలర్లు సేకరించారు. మరుసటి ఏడాది కేవలం పరిశోధనల కోసమే 'మైక్రోరైజా' అనే వేదిక మొదలైంది. ఇప్పుడు దాని పేరు 'ఎక్స్‌పెరిమెంట్'. అనుకున్న మొత్తం పూర్తిగా పోగైతేనే అక్కడ దాతల నుంచి డబ్బు తీసుకుంటారు. ఇంతవరకు ఏర్పాటు బాగానే ఉంది కానీ, ఆ డబ్బు పరిశోధకుడి సొంత ఖాతాలో పడితే పన్ను ఎవరు కట్టాలి, కొన్న పరికరం ఎవరి ఆస్తి, మనుషుల నమూనాలు సేకరించే పనికి ఎథిక్స్ కమిటీ (పరిశోధన నైతికతను పరిశీలించే కమిటీ) అనుమతి చందాల ప్రచారానికి ముందే ఉండాలా అన్న ప్రశ్నలన్నింటికీ వేదిక దగ్గరే జవాబు దొరకదు.

విశ్వవిద్యాలయాలు రంగంలోకి దిగింది ఈ ఖాళీలోకే. 2013లో ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయం 'పోజిబుల్' వేదికతో చేతులు కలిపింది. తొలి విడతలో పెట్టిన ఎనిమిది ప్రాజెక్టుల్లో ఆరు లక్ష్యాన్ని అందుకున్నాయి. అదే ఏడాది అమెరికాలో జార్జియా టెక్ సొంత వేదికనే తెరిచి, ప్రతిపాదనలను ముందుగా అధ్యాపకుల పరిశీలనకు పెట్టింది. నా దృష్టిలో ఇలా ముందుగా పరిశీలించడమే అసలైన సాయం. వీడియో తీయడం, ప్రచారం చేయడం బయటివారెవరైనా నేర్పగలరు. ప్రతిపాదనకు పూచీ పడగలిగేది మాత్రం విశ్వవిద్యాలయమే.

చిక్కంతా ఓవర్‌హెడ్ (పరిపాలనా ఖర్చుల వాటా) దగ్గర వస్తుంది. పెద్ద గ్రాంట్ల నుంచి పరిపాలనా ఖర్చుల కింద వాటా తీసుకోవడం విశ్వవిద్యాలయాలకు అలవాటే. వేదిక రుసుము, చెల్లింపుల రుసుము పోగా మిగిలే నాలుగైదు వేల డాలర్లలోనూ ఆ వాటా కోస్తే పరిశోధకుడి చేతికి మిగిలేది ఎంత? ఇంత చిన్న మొత్తాలపై దాన్ని వదులుకోవడమే న్యాయం. పైగా, 'ఎక్స్‌పెరిమెంట్'లో నడిచిన 700కు పైగా ప్రచారాలను పరిశీలించి 2019లో వెలువడిన ఒక అధ్యయనం, సీనియర్ ఆచార్యుల కన్నా విద్యార్థులే ఎక్కువగా లక్ష్యాన్ని చేరుకుంటున్నారని తేల్చింది. సొంతంగా గ్రాంటు లెక్కలు చూసిన అనుభవం అందరికన్నా తక్కువగా ఉండేదీ వాళ్లకే. కాబట్టి విశ్వవిద్యాలయం పూచీ ఎక్కువగా కావలసిందీ వాళ్లకే.