ఆరోగ్యశ్రీ బకాయిలు: ముడి 2008లోనే పడింది

ఆరోగ్యశ్రీలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు (నెట్‌వర్క్ ఆసుపత్రులు) పథకం కేసులు ఆపేసినప్పుడల్లా విశాఖలో మొదట దెబ్బ తగిలేది నగరంలో ఉండేవాళ్లకు కాదు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో రిపోర్టుల కవరు పట్టుకుని తెల్లవారకముందే బస్సెక్కి ఆరిలోవ హెల్త్ సిటీకి వచ్చేవాళ్లకు. ఆసుపత్రిలో పథకం డెస్క్ దగ్గరుండే ఆరోగ్యమిత్ర కార్డు చూసి, "ఇప్పుడు అప్రూవల్ పెట్టట్లేదమ్మా, కేజీహెచ్‌లో చూపించుకోండి" అంటే వాళ్లు మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. ప్రభుత్వ ఆసుపత్రి అయిన కేజీహెచ్‌లో క్యూ ఎలా ఉంటుందో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు.

2025 అక్టోబరు 10న సేవలు ఆపినప్పుడు తమకు రావాల్సింది సుమారు 2,700 కోట్లని ఆసుపత్రుల సంఘం 'ఆశా' చెప్పింది. దానికి నెల ముందే, సెప్టెంబరు 4న, మంత్రివర్గం హైబ్రిడ్ విధానానికి ఆమోదం తెలిపింది. కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల దాకా బీమా కంపెనీ భరిస్తుంది. ఆపైన 25 లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్ట్ చూసుకుంటుంది. ఈ బకాయిలు, ఈ బీమా రెండూ వేర్వేరు గొడవలుగా నడుస్తున్నాయి గానీ, మూలం ఒక్కటే.

పథకం ఎవరు పెట్టారు, ఏ ప్రభుత్వం వచ్చి ఏ పేరు పెట్టింది అన్నది అందరికీ తెలిసిందే. చాలామంది మరిచిపోయింది 2008 జులై. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 1న శ్రీకాకుళం, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మధ్యలో స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ ఉండేది. ప్రభుత్వం ప్రీమియం కట్టేది, ఆసుపత్రి బిల్లు కంపెనీకి వెళ్లేది. 2008లో ఆరోగ్యశ్రీ-2 పేరుతో మరికొన్ని చికిత్సలు చేర్చి, వాటిని బీమాతో పని లేకుండా నేరుగా ట్రస్ట్‌కు ఇచ్చారు. కొన్ని జబ్బులు కంపెనీకి, కొన్ని ట్రస్ట్‌కు. అంటే హైబ్రిడ్ మనకు కొత్తేం కాదు. అప్పట్లో గీత జబ్బును బట్టి గీశారు, ఇప్పుడు సొమ్మును బట్టి గీస్తున్నారు. రాష్ట్ర విభజన నాటికి పథకం మొత్తం ట్రస్ట్ చేతిలోకే వచ్చింది.

మధ్యవర్తికి లాభం ఇవ్వాల్సిన పని తప్పింది, అది మంచిదే. కానీ ముందుగా డబ్బు కట్టి తీరాల్సిన ఒత్తిడీ దాంతోపాటే పోయింది. ప్రీమియం కట్టకపోతే పాలసీ ఆగుతుంది, గగ్గోలు పుడుతుంది. ట్రస్ట్ బిల్లు మాత్రం ఆపరేషన్ అయ్యి, రోగి డిశ్చార్జి అయ్యాక వస్తుంది. ఖజానాలో ఇబ్బంది వస్తే వెనక్కి నెట్టడానికి అంత వీలైన బిల్లు ఇంకొకటి ఉండదు.

ఆ తర్వాత ప్రతి ప్రభుత్వమూ పథకాన్ని పెంచుకుంటూనే పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 938గా ఉన్న చికిత్సలు 3,257 అయ్యాయి. పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 25 లక్షలకు చేరింది. చెల్లింపులు మాత్రం ఆ వేగం అందుకోలేదు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి నగదు పేషెంట్లు, ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి నెట్టుకొస్తుంది. యాభై పడకల ఆసుపత్రికి ఆ వెసులుబాటు ఉండదు. స్టెంట్ల సరఫరాదారు అప్పు ఇవ్వనంటాడు, నర్సుల జీతం ఒకటో తారీఖున ఇవ్వాలి. ఒక్కో చికిత్సకు పథకం కట్టే ప్యాకేజీ రేట్లు పాతవేనన్నది వాళ్ల రెండో బాధ.

బీమా వస్తే చెల్లింపులు సకాలంలో జరుగుతాయని ప్రభుత్వం అంటోంది. బకాయిల సంగతి ఒక్కటే చూస్తే అది కాదనలేని మాటే. ప్రతిపక్షాలు మాత్రం ప్రజల సొమ్ము కంపెనీల పాలవుతుందంటున్నాయి. రెండు పక్షాలూ పెద్దగా మాట్లాడనిది అవుట్‌పేషెంట్ ఖర్చు, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకోవడానికి, మందులకు అయ్యేది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో వైద్య ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది. అందులో పెద్ద వాటా మందులది. కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపు ముందు నిలబడే బీపీ, షుగరు పేషెంటుకు ట్రస్టయినా కంపెనీ అయినా ఒక్కటే.

హైబ్రిడ్‌లో అసలు చిక్కు ఆ 2.5 లక్షల గీత దగ్గర ఉంది. అది మనిషికి కాదు, కుటుంబానికి. తండ్రి గుండె ఆపరేషన్‌తో సగానికి పైగా అయిపోయాక అదే ఏడాది తల్లికి కీమో మొదలైతే, నాలుగో సైకిల్ దగ్గర ఫైలు కంపెనీ నుంచి ట్రస్ట్‌కు మారాలి. ఆ రోజు అప్రూవల్ ఎవరివ్వాలో ఆరోగ్యమిత్రకు ముందే రాతపూర్వకంగా చెప్పి ఉండాలి.