పాత జపాన్ కత్తికి అంత వెల ఎందుకు?

చిరంజీవులు ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు మీరు నన్నొక ప్రశ్న అడిగారు. యుద్ధానికి తీసుకుపోనిదీ, కనీసం కొబ్బరికాయ కొట్టడానికైనా ఒరలోంచి తీయనిదీ అయిన పాత జపాన్ కత్తిని మనుషులు కోట్లు పోసి ఎందుకు కొంటారని. భోజనాల వేళ కావడంతో ‘డబ్బున్నవాళ్ల ముచ్చట’ అని ఒక్క మాటలో తేల్చేశాను. అది సరైన జవాబు కాదు. తెలిసీ అలా చెప్పినందుకు మనసు ఒప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక కొనుగోలు సంగతి చెబుతాను. జపాన్‌లోని ఒకయామా ప్రాంతంలో సెతోఉచి అనే చిన్న పట్టణం ఉంది. దాని జనాభా 40 వేల లోపే. ఆ పట్టణం 2020లో 50 కోట్ల యెన్లు, అంటే అప్పటి మన లెక్కలో 30 కోట్ల రూపాయలకు పైమాటే, పెట్టి ఒకే ఒక్క కత్తిని కొన్నది. దాని పేరు సాంచోమో. కొండకోడి ఈక మీది చారల వంటి నమూనా దాని వాదర వెంట కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. జపాన్ ప్రభుత్వం దాన్ని జాతీయ నిధిగా గుర్తించింది. ఒకప్పుడు అది ఉఎసుగి కెన్షిన్ అనే ప్రసిద్ధ యోధుడి వంశానిది. అందుకే కెన్షిన్ కోట ఉన్న జోఎత్సు నగరం ముందుగా కొనడానికి ప్రయత్నించింది గాని, వెల దగ్గర బేరం కుదరలేదు. సెతోఉచి వాళ్ల హక్కు వేరు. సుమారు 700 ఏళ్లకు పూర్వం ఆ కత్తిని కొట్టిన కమ్మరులు వాళ్ల ఊరివాళ్లు. దేశం నలుమూలల నుంచి విరాళాలు పోగుచేసి, పుట్టినింటి బిడ్డను తిరిగి తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నారు. అక్కడ కోటీశ్వరుడెవడూ లేడు. ఉన్నది ఒక ఊరు. నా జవాబు తప్పని నాకు మొదట అనిపించింది ఈ సంగతి తలుచుకున్నప్పుడే.

అన్ని కత్తుల వెలా అలా ఉండదు. పేరులేని చిన్న కత్తి కొన్ని లక్షల యెన్లకు దొరుకుతుంది. మంచి కమ్మరి చేసిన కటానా, అంటే పొడవాటి కత్తి, పది, ఇరవై లక్షల యెన్లు పలుకుతుంది. ఆ పైమెట్టువి కోటి యెన్లను అందుకోవచ్చు, దాటనూ వచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికాధికారుల కోసం యంత్రాల మీద గుట్టలుగా చేసిన కత్తులకు ఈ లెక్కలేవీ వర్తించవు.

లోహం విలువతో ఈ తేడా అర్థం కాదు. ఆ ఉక్కు తయారవడం కష్టమైన మాట నిజమే. షిమానే ప్రాంతంలోని ఒకుఇజుమోలో ‘తతారా’ అనే మట్టి కొలిమి ఉంది. అందులో సుమారు 10 టన్నుల ఇనుప ఇసుకను 12 టన్నుల కట్టెబొగ్గుతో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాల్చి, కొలిమినే పగలగొట్టి రెండున్నర టన్నుల ముద్దను బయటికి లాగుతారు. అందులో కత్తికి పనికివచ్చే ‘తమహగానె’ ఒక టన్ను కూడా ఉండదు. కమ్మరి దాన్ని కాల్చి, కొట్టి, మడిచి, మళ్లీ కొడతాడు. పది మడతలకే వెయ్యికి పైగా పొరలు ఏర్పడతాయి. చివర కత్తి మీద మట్టి పూస్తాడు, వీపున మందంగా, వాదర దగ్గర పలుచగా. ఎర్రగా కాలిన కత్తిని నీటిలో ముంచినప్పుడు పలుచని మట్టి ఉన్నచోట ఉక్కు గభాలున చల్లారి గట్టిపడుతుంది. మందంగా ఉన్నచోట నెమ్మదిగా చల్లారి సాగే గుణాన్ని నిలుపుకుంటుంది. ఈ రెండూ కలిసే హద్దులో పొగమంచులాంటి తెల్లని గీత ఏర్పడుతుంది. దాన్ని ‘హమోన్’ అంటారు. సేకరించేవాళ్లు దీపం కింద కత్తిని వాలుగా పట్టుకొని గంటల తరబడి చూసేది దాన్నే. ఒక్కొక్క కమ్మరి వంశానిది ఒక్కొక్క గీత. మన పెద్దలు చేతిరాత చూసి మనిషిని పోల్చినట్టు, ఎరిగినవాళ్లు ఆ గీతను చూసి ఏ ప్రాంతమో, ఏ శతాబ్దమో, ఎవరి చేయో చెప్పగలరు.

ఇక్కడ నాకు మన కోనసముద్రం గుర్తుకొస్తుంది. నిజామాబాదు జిల్లాలోని ఆ ఊళ్లో మూసల్లో కరిగించిన ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ ముద్దలను కరిగించినవారి పేర్లు మాత్రం మనదాకా చేరలేదు. జపాన్‌లో ఎందరో కమ్మరుల పేర్లు నిలిచాయి. వెలలోని అసలు కిటుకు అక్కడే ఉంది.

పిడిలోకి దూరి కనపడకుండా ఉండే భాగం మీద కమ్మరి తన పేరు చెక్కుతాడు. ఆ భాగానికి పట్టిన తుప్పును ఎవరూ గీకకూడదు. వందల ఏళ్ల తుప్పు రంగే ఆ కత్తి వయసుకు సాక్ష్యం. తెలియనివాడొకడు గరుకు కాగితంతో ఆ తుప్పును రుద్ది శుభ్రం చేస్తే ఒక్క పూటలో వెల పడిపోతుంది. పేరు ఉన్నంత మాత్రాన నమ్మడానికీ వీలులేదు. 17వ శతాబ్దపు కోతెత్సు అనే కమ్మరి పేరును ఎందరు దొంగతనంగా చెక్కారంటే, కోతెత్సు కత్తి కనబడితే ముందు నకిలీ అనుకోవాలన్నది అక్కడివారి జాగ్రత్త. ఇంకోవైపు, పొడవైన పాత కత్తులను తరువాతి వాడుకకు అనువుగా కింది నుంచి కోసి కురచ చేసినప్పుడు నిజమైన సంతకాలు తెగిపోయాయి. సాంచోమో మీద కూడా సంతకం లేదు. పనితనమూ, ఉఎసుగి వంశంలో అది తరతరాలుగా ఉందన్న ఆధారమూ దాని తరఫున మాట్లాడుతున్నాయి.

కాబట్టి కొనేవాడు ఇచ్చే సొమ్ములో పెద్ద భాగం నిశ్చయానికి చెల్లిస్తాడు. ఆ నిశ్చయం ఇవ్వడమే వృత్తిగా హోనామి అనే కుటుంబం శతాబ్దాలు బతికింది. అప్పటి జపాన్ సైనిక పాలకుడు, అంటే షోగున్, తోకుగావా యోషిమునె ఆజ్ఞ మీద 1719లో వాళ్లు పేరుమోసిన కత్తుల జాబితా తయారుచేశారు. అగ్నిప్రమాదాల్లో కాలిపోయినవాటిని కూడా అందులో విడవకుండా రాసుకున్నారు. 1948లో ఏర్పడిన కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఇప్పుడు ఆ పని చేస్తున్నది. హోజోన్, తోకుబెత్సు హోజోన్, జూయో, తోకుబెత్సు జూయో అనేవి అది ఇచ్చే పత్రాల మెట్లు. అదే కత్తి పై మెట్టు ఎక్కితే వెల బాగా పెరగవచ్చు. కత్తి మారలేదు, దాని గురించి మనకున్న నమ్మకం మారింది.

రెండో కారణం, పోయినవి పోగా మిగిలినవి కొన్నే. 1876లో ప్రభుత్వం కత్తి ధరించడాన్ని నిషేధించడంతో కమ్మరుల కొలుములు చాలావరకు చల్లారాయి. 1945లో ఓడిన జపాన్ నుంచి ఆయుధాలన్నీ సేకరించినప్పుడు వంశాల వారసత్వాలు కూడా ఆ గుట్టల్లో కలిశాయి. ప్రఖ్యాత కమ్మరి మసమునె చేసిన, తోకుగావా వంశం తరతరాలుగా దాచుకున్న హోంజో మసమునె అనే కత్తిని ఆ డిసెంబరులో టోక్యోలోని మెజిరో పోలీసు ఠాణాలో అప్పగించారు. మరుసటి నెల అది ఒక అమెరికా సైనికుడి చేతికి వెళ్లింది, ఆ తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతటి మసమునె ఏ పాత పెట్టెలో తుప్పుపడుతున్నదో అన్న ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ దిగులుగా ఉంటుంది.

ఉన్నవాటిని నిలపడానికీ ఖర్చే. సాన పట్టేవాడు వారాల తరబడి రాయి మీద రాయి మార్చి, చివర వేలి కొసతో పలుచని రాతి పొరలను అద్ది మెరుగు తెస్తాడు. సాన పట్టిన ప్రతిసారీ కాస్త ఉక్కు పోతుంది, పోయింది తిరిగి రాదు. అందుకే బుద్ధిగల యజమాని సానకు తొందరపడడు. పాత నూనె తుడిచి, మెత్తని పొడి అద్ది, లవంగ నూనె పలుచగా రాసి ఒరలో పెడతాడు. ఆ కత్తికి తాను ఒక తరం కాపలాదారునని అతనికి తెలుసు.

అలాంటి ఒకాయన సంగతి చెప్పి ముగిస్తాను. అమెరికాలో ఒక మందుల కంపెనీకి అధిపతిగా ఉన్న వాల్టర్ కాంప్టన్ జీవితమంతా జపాన్ కత్తులు సేకరించాడు. అట్లాంటాలోని ఒక పాత సామాన్ల దుకాణంలో ఆయన కొన్న కత్తి కునిమునె అనే కమ్మరి చేసినదనీ, యుద్ధానంతరం కగోషిమాలోని తెరుకుని ఆలయం నుంచి మాయమైన జాతీయ నిధి అనీ తేలింది. 1963లో ఆయన దాన్ని పైసా అడగకుండా ఆలయానికి తిరిగి ఇచ్చేశాడు. ఆయన పోయాక, 1992లో న్యూయార్క్‌లో మిగిలిన సేకరణను వేలం వేస్తే, కమకురా కాలపు (12–14 శతాబ్దాల నాటి) కత్తి ఒక్కటే 4,18,000 డాలర్లు పలికింది. ఆ రోజుల్లో అది కోటి రూపాయలకు పైగానే. కునిమునె కత్తి ఆ వేలంలో లేదు. అప్పటికి 29 ఏళ్లుగా అది కగోషిమా వారి సొత్తు.

ఇట్లు,
మీ తాతయ్య