దేవుడి మనసు అర్చకుడికి తెలుసా? అపోహలు - వాస్తవాలు

ముప్ఫై ఏళ్లుగా గుడిలో అర్చకత్వం చేస్తున్నాను. తీర్థం పుచ్చుకోవడానికి చెయ్యి పట్టినవాళ్లలో చాలామంది అడిగే మాట ఇది: "స్వామి ఏమనుకుంటున్నాడో మీరే చెప్పాలి పంతులుగారూ." ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది.

అపోహ: రోజూ స్వామిని సేవించే అర్చకుడికి ఆయన సంకల్పం తెలుస్తుంది.

వాస్తవం: అభిషేకం ఎలా చెయ్యాలో, ఏ వేళకు ఏ నైవేద్యం పెట్టాలో నాకు తెలుసు. నేను నేర్చుకున్నది అదే. స్వామి మనసు చదవడం నాకు ఏ గురువూ నేర్పలేదు.

అపోహ: పూలు పెట్టి చూస్తే దేవుడి నిర్ణయం తెలిసిపోతుంది.

వాస్తవం: ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి విడివిడిగా పొట్లాలు కట్టి, స్వామి ముందు పెట్టి, చిన్నపిల్లలతో ఒకటి తీయిస్తారు. ఒకాయన కూతురి సంబంధం కోసం అలా చూడమన్నారు. తెల్లది వస్తే ఖాయం చేసుకుందామనుకున్నారు. ఎర్రది వచ్చింది. "పాప సరిగ్గా దణ్ణం పెట్టుకోలేదు, ఇంకోసారి తీయిద్దాం" అన్నారు. మళ్లీ ఎర్రదే. మూడోసారి తెల్లది వచ్చింది. కళ్లకద్దుకుని వెళ్లారు. ఆ సంబంధం ఆయనకు ముందే నచ్చింది. ఆ రోజు పూలు బయటపెట్టింది ఆయన మనసునే. పెళ్లికూతురిని అడిగారా అని నేను అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు అదే అడుగుతాను.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి చెప్పే రంగం, అంటే భవిష్యవాణి, మాటేమిటి అంటారు. అక్కడ అమ్మవారి పేరున వినిపించేది వానల గురించి, పంటల గురించి, ఊరందరి మాట. మీ ఇంటి నిర్ణయం మీకే ఉంటుంది.

అపోహ: శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు. కాబట్టి మన చేతుల్లో ఏమీ లేదు.

వాస్తవం: సామెతను నేను మనసారా నమ్ముతాను. నా పేచీ ఆ 'కాబట్టి'తోనే. గీత పద్దెనిమిదో అధ్యాయం 61వ శ్లోకంలో, ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి యంత్రం మీద ఎక్కించినట్టు తిప్పుతున్నాడని ఉంది. అక్కడితో పుస్తకం మూసేస్తే మనం బొమ్మలమే. రెండు శ్లోకాలు దాటండి. "దీన్నంతా బాగా ఆలోచించుకో, యథేచ్ఛసి తథా కురు", నీకెలా తోస్తే అలా చెయ్యి, అంటాడు కృష్ణుడు. సాక్షాత్తు భగవంతుడే ఎదురుగా కూర్చుని తన మనసు విప్పి చెప్పాక కూడా నిర్ణయం అర్జునుడికే వదిలాడు! అదే అధ్యాయం 14వ శ్లోకం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది. దైవం అందులో ఐదోది. కర్త, ప్రయత్నం కూడా ఆ లెక్కలోవే.

బ్రహ్మసూత్రాలకు భాష్యం రాస్తూ ఆదిశంకరులు ఈశ్వరుడికి వానను ఉపమానంగా తెచ్చారు. వరికీ యవలకీ కురిసే వాన ఒకటే. ఏది వరిగా మొలవాలో, ఏది యవగా మొలవాలో విత్తనంలో ఉంటుంది. నాకు ఇంతకంటే బాగా అర్థమైన సమాధానం దొరకలేదు.

అపోహ: జాతకంలో రాసి ఉన్నది జరిగి తీరుతుంది.

వాస్తవం: అదే నిజమైతే ప్రాయశ్చిత్తాలూ శాంతులూ ఎందుకు పుట్టాయి? ఒంటి చక్రంతో రథం నడవనట్టే పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, లేకుండా దైవం సిద్ధించదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతోంది.

అపోహ: చావింటికి వెళ్లి "దేవుడి ఇష్టం" అంటే ఓదార్పు.

వాస్తవం: నేనూ అన్నాను, అర్చకత్వంలో కొత్తగా చేరిన రోజుల్లో. తవ్వి మూత వెయ్యకుండా వదిలేసిన గుంతలో పడి ఒక పసివాడు పోయాడు. వాళ్లమ్మతో "స్వామి సంకల్పం తల్లీ" అన్నాను. ఆమె నా వంక చూసి, "స్వామే తవ్వాడా ఆ గుంత?" అంది. నా దగ్గర జవాబు లేదు. గుంత తవ్వినవాడి తప్పును తీసుకెళ్లి స్వామి మీద పెట్టాను. ఆమె ఏళ్ల తరబడి గుడికి రాలేదు. ఇప్పుడు అలాంటి ఇళ్లలో నేను ఏమీ మాట్లాడను, పక్కన కూర్చుంటాను.

అపోహ: పూజ అంటే మన ఇష్టాన్ని వదులుకోవడం.

వాస్తవం: పూజ మొదలయ్యేదే సంకల్పంతో. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ సంవత్సరమో, ఏ తిథో చెప్పుకుని, గోత్రం, పేరు చెప్పి "కరిష్యే" అంటాం. చేస్తాను అని. అర్జునుడు చివరికి కృష్ణుడితో అన్నదీ ఆ మాటే: "కరిష్యే వచనం తవ". ఫలాన్ని పరమేశ్వరార్పణం అంటూ నీళ్లు వదిలేది పూజ అంతా అయ్యాకే. మంత్రమంతా నేను చదువుతాను గానీ, గోత్రనామాల దగ్గర ఆగుతాను. అక్కడ భక్తులే నోరు విప్పాలి.

ఆ తల్లి మొన్న కార్తీకంలో వచ్చింది. గోత్రం చెప్పింది, భర్త పేరు, తన పేరు, కూతురి పేరు చెప్పింది. కాసేపాగి బాబు పేరు కూడా చెప్పింది. పోయినవాళ్ల పేరు సంకల్పంలో చెప్పరు. నేను ఆ పేరు కూడా కలిపి చదివాను.