వెలి భయం: మత బృందాలను వదిలి రావడం ఎందుకంత కష్టం

గురువు పేరిటో ప్రార్థన పేరిటో మనిషి జీవితాన్ని మొత్తంగా గుప్పిట్లో పెట్టుకునే బృందాలు ఉన్నాయి. వాటి నుంచి బయటపడ్డవారికి వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: చదువుకున్నదానివి కదా, అన్నేళ్లు అక్కడ ఎలా ఉన్నావు? అడిగేవారి గొంతులో జాలి కన్నా తీర్పే ఎక్కువ. నమ్మకం పోయిన రోజే ఎవరైనా లేచి వచ్చేస్తారని వారి ఊహ. బయటికి వచ్చినవారి మాట అది కాదు. చాలామందికి నమ్మకం ఎప్పుడో సడలింది, గడప దాటడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లపాటు వారిని పట్టి ఉంచింది వెలి భయం.

ఇలాంటి బృందాల్లోకి ఎవరూ అమాయకత్వంతో నడిచిపోరు. కష్టంలో ఉన్నప్పుడు అందిన చేయిని పట్టుకుంటారు. ఉత్తర తెలంగాణలో కష్టానికి కొదవ లేదు. 1997-98లో లద్దెపురుగు పత్తిని తినేసినప్పుడు వరంగల్ జిల్లాలో వరుసగా రైతులు పురుగుమందు తాగారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో మగవాళ్లు గల్ఫ్ దారి పట్టారు, ఆడవాళ్లు బీడీల చాట ముందు కూర్చుని ఇల్లు నెట్టుకొచ్చారు. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగినప్పుడల్లా ఇళ్లలో పొయ్యి ఆగింది. అటువంటి ఇంటికి ఒకరు వచ్చి పిల్లవాడి జ్వరం గురించి అడిగి, పక్కన కూర్చుని, రేపు మళ్లీ వస్తామంటే ఆ మాట ఎంత విలువైనదో కడుపు నిండినవారికి తెలియదు. సాయం చేసే బృందాలన్నీ చెడ్డవని నేను అనను. ఊళ్లలో ఆకలి తీర్చిన ఆశ్రమాలు, రోగులను చూసుకున్న ప్రార్థన మందిరాలు ఎన్నో ఉన్నాయి. ఆ సాయానికి బదులుగా మనిషి మొత్తం జీవితాన్ని అడిగినప్పుడు అసలు సమస్య మొదలవుతుంది.

హన్మకొండలో ఇప్పుడు కుట్టు పని చేసుకుంటున్న ఒకామె అలాంటి బృందంలో తన యౌవనమంతా గడిపారు. భర్త గల్ఫ్‌లో ఉండగా, బిడ్డ జబ్బు పడినప్పుడు చేరారు. అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక నోటు పుస్తకం ఇచ్చేవారు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన తప్పులన్నీ అందులో రాయాలి. ఎవరి చీర చూసి ఆశపడ్డారు, పెద్దల మాట మీద ఏ అనుమానం కలిగింది, తల్లితో ఫోనులో ఎంతసేపు మాట్లాడారు, అన్నీ రాయాలి. వారానికోసారి పుస్తకం బృందాన్ని నడిపే అమ్మగారికి చేరేది. ఒకసారి ఈమె రాసిన అనుమానాన్ని అందరి ముందు చదివి వినిపించారు. ఆనాటి నుంచి ఆమె నిజమైన ఆలోచనలు రాయడం మానేసి, చేయని చిన్న చిన్న తప్పులు కల్పించి రాయడం నేర్చుకున్నారు. తరువాత ఇతరుల తప్పులు కూడా రాయమన్నారు. రాశారు. తన మీద జరిగినదాని కన్నా, తన రాతవల్ల తోటి మనిషికి పడిన శిక్షే ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదని ఆమె అంటారు.

ఈ పద్ధతి ఏ ఒక్క మతానిదీ కాదు. అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ 1950లలో చైనా జైళ్లలో బలవంతంగా మనసు మార్చే ‘ఆలోచన సంస్కరణ’కు గురై హాంకాంగ్ చేరినవారితో మాట్లాడి, 1961లో దాని లక్షణాలను ఎనిమిదిగా వివరించారు. బయటి సమాచారాన్ని అడ్డుకోవడం, పదే పదే తప్పు ఒప్పించడం, మనిషి అనుభవం కన్నా సిద్ధాంతమే నిజమనడం, ఎవరికి బతికే అర్హత ఉందో బృందమే తేల్చడం అందులో ఉన్నాయి. దేవుడి పేరే ఎత్తని రాజకీయ జైలులో కనిపించిన లక్షణాలు మన పక్క వీధిలోని భజన మందిరంలోనో ప్రార్థన గదిలోనో కనిపిస్తే, తప్పు భక్తిది కాదని తెలుస్తుంది.

ఎనిమిదింటిలో చివరిది, ఎవరు అర్హులో బృందమే తేల్చడం, మనకు బాగా పరిచయమైనదే. ఉత్తర తెలంగాణ పల్లెలకు వెలి కొత్త కాదు. కులపెద్దలు తప్పు కట్టించడం, కట్టనివారికి నిప్పూ నీరూ బంద్ చేయడం పాత సంగతి. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు ఇప్పటికీ కుటుంబాలను వెలివేసిన వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. కిరాణా దుకాణంలో సామాను అమ్మకూడదు, కూలికి పిలవకూడదు, మాట్లాడినవారికి జరిమానా. ఇది కళ్లారా చూసి పెరిగిన మనిషిని బెదిరించడానికి మత బృందం కొత్తగా నేర్పవలసింది ఏమీ లేదు. వెళ్లిపోతే నీతో ఎవరూ మాట్లాడరన్న ఒక్క మాట చాలు. పెళ్లి సంబంధం, పిల్లల బడి, అద్దె ఇల్లు, పని, అన్నీ బృందం లోపలే ముడిపడ్డాక ఆ మాటకు ఉరి బిగించినంత బలం వస్తుంది.

వెలికి చట్టం అడ్డుపడాలి కదా అంటే, అక్కడ ఒక పాత చిక్కు ఉంది. బొంబాయి రాష్ట్రం 1949లోనే మత సమాజాలు సభ్యులను వెలివేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. దావూదీ బోహ్రా ముస్లింల మతాధిపతి దానిని సవాలు చేశారు. ఆ సమాజంలో వెలిపడినవారికి శ్మశానంలో చోటు కూడా దక్కేది కాదు. 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. వెలివేసే అధికారం మత వ్యవహారాల నిర్వహణలో భాగమని, 26వ అధికరణం దానికి రక్షణ ఇస్తుందని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే విభేదించారు. అరవై ఏళ్ల తరువాత, 2023 ఫిబ్రవరిలో, అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలంటూ తొమ్మిదిమంది ధర్మాసనానికి నివేదించింది. నా మట్టుకు సిన్హా మాటే సరైనది. మనిషి చేతిలో నీళ్లు తాగవద్దనడం, తల్లిని బిడ్డతో మాట్లాడనివ్వకపోవడం పూజా విధానం ఎలా అవుతుంది?

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కాకతీయుల కాలంలోనూ మఠాలకు గ్రామాలకు గ్రామాలే దానంగా వెళ్లాయి. కానీ రుద్రమదేవి నాటి 1261 మల్కాపురం శాసనం చదివితే గోళకీ అనే శైవ మఠం ఆదాయం దేనికి ఖర్చు కావాలో రాతి మీదే కనిపిస్తుంది: విద్యార్థులకు, ప్రసూతిశాలకు, వైద్యశాలకు, అన్నసత్రానికి. ఆ లెక్కను అక్షరం వచ్చిన ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు. ఇవాళ రేకుల షెడ్డులో నడిచే బృందానికి నెలనెలా గల్ఫ్ జీతంలో పదో వంతు ఇచ్చిన కుటుంబం లెక్క అడిగితే, అడిగిన తప్పు కూడా నోటు పుస్తకంలోకి ఎక్కుతుంది.

బయటపడ్డవారి మాటను లోకం నమ్మడానికి ఎంత కాలం పట్టిందో చరిత్రలో ఉంది. అమెరికాలో జిమ్ జోన్స్ బృందాన్ని వదిలినవారు 1977లోనే అక్కడి దెబ్బల గురించి, ఆస్తుల స్వాధీనం గురించి పత్రికకు చెప్పారు. జోన్స్ తనవారిని గయానా అడవికి తరలించాడు. 1978 నవంబర్ 18న అక్కడ 900 మందికి పైగా చనిపోయారు, వారిలో దాదాపు మూడో వంతు పిల్లలే. మన దేశంలో డేరా సచ్చా సౌదాలో జరుగుతున్న అత్యాచారాలను వివరిస్తూ ఒక సాధ్వి 2002లో ప్రధానికి పేరులేని లేఖ రాసింది. దానిని ప్రచురించిన పాత్రికేయుడు రామ్ చందర్ ఛత్రపతిని అదే ఏడాది కాల్చి చంపారు. డేరా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌కు అత్యాచారాల కేసులో శిక్ష పడింది 2017లో. పదిహేనేళ్లు. ఆ సాధ్వి పేరు ఎందుకు రాయలేదని అడిగేవారు ఆ పదిహేనేళ్లను లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మనవైపు తప్పు. బృందంలో చేరిన కూతురిని తండ్రి ‘మా ఇంటి గడప తొక్కవద్దు’ అంటాడు. అన్నదమ్ములు ఫోను ఎత్తరు. బతుకమ్మకు ఆడబిడ్డలందరినీ పిలిచి ఆమెను వదిలేస్తారు. తాను పండుగకు రానని ఆమే అంది కదా అన్నది వారి వాదన. హన్మకొండలోని ఆమెకూ ఇదే జరిగింది. తండ్రి పోయినప్పుడు వెళ్లవద్దని అమ్మగారు అన్నారు. పుట్టింటివారు కబురే పంపలేదు. దినాలు అయిపోయాక మూడో మనిషి ద్వారా తెలిసింది. బయటివాళ్లు నిన్ను ఎప్పుడో వదిలేశారని బృందం చెప్పే మాటకు ఆ ఇల్లు తన చేత్తో రుజువు ఇచ్చింది. లోపలివారు విధించే వెలికి బయటివారి వెలి తోడైతే ఆ మనిషి ఎటు పోవాలి? చివరికి ఆమె బయటికి రాగలిగింది ఒక మేనత్త వల్ల. పండుగకూ పబ్బానికీ ఆ మేనత్త ఫోను చేస్తూనే ఉండేది. మతం ఊసెత్తేది కాదు, తిన్నావా, పిల్ల ఎట్లా ఉంది అని అడిగేది.

బలవంతంగా లాక్కురావడం ఫలించదు. అమెరికాలో 1970లలో తల్లిదండ్రులు డబ్బిచ్చి తమ పిల్లలను ఎత్తుకొచ్చి, గదుల్లో బంధించి మనసు మార్పించే ప్రయత్నాలు చేశారు. కొందరు మరింత పట్టుదలగా వెనక్కి వెళ్లారు, ఎత్తుకొచ్చినవారిలో కొందరు జైలుకు వెళ్లారు. మన దగ్గరా మేజరైన మనిషి విశ్వాసం ఆ మనిషి సొంత నిర్ణయమని 2018లో, మతం మారి పెళ్లి చేసుకున్న కేరళ యువతి హాదియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది సరైన తీర్పే. నమ్మే స్వేచ్ఛకు కాపలా ఉన్నట్టే నమ్మడం మానేసే స్వేచ్ఛకూ ఉండాలని అడగడానికి అదే ఆధారం.

మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిషేధ చట్టం తెచ్చింది. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. దళితులను, గిరిజనులను వెలివేస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టవచ్చు. మిగతావారికి తెలంగాణలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. గ్రామాభివృద్ధి కమిటీల వెలి మీద గొడవ జరిగినప్పుడల్లా ఈ కోరిక వినిపిస్తుంది, తరువాత చల్లబడుతుంది. చట్టం తెస్తే ఊరి కమిటీతో పాటు మత బృందం విధించే వెలి కూడా అందులో ఉండాలి. వచ్చినవారికి కొన్నాళ్లు తల దాచుకునే చోటు, పిల్లల బడి మార్పు, ఆధార్ వంటి కాగితాలు బృందం చేతిలో ఉంటే వెనక్కి ఇప్పించే బాధ్యత గల అధికారి కావాలి. మనసు కుదుటపడటానికి మాట్లాడే మనిషి కావాలంటే 14416 టెలీ మానస్ నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.