ఏడిళ్ళు తిరిగే పిల్లి కూనల సంగతి

చిన్నూ, అమ్ములూ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. అర్థమైనంతలో, మీ అపార్ట్‌మెంట్ మెట్ల కింద పిల్లి పిల్లలు పెట్టింది, మీరు స్కూలు నుంచి రాగానే బ్యాగులు పడేసి వెళ్ళి చూస్తున్నారు, నిన్నటికి నిన్న చూస్తే తల్లీ లేదు, కూనలూ లేవు. ఎవరో ఎత్తుకుపోయారని అమ్ములు అన్నం కూడా సరిగ్గా తినలేదట. ఎవరూ ఎత్తుకుపోయి ఉండరమ్మా, తల్లే మార్చి ఉంటుంది. ఫోన్లో చెబుదామంటే మధ్యలోనే పరిగెత్తుతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను, కుదురుగా కూర్చుని చదవండి.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. లెక్కపెట్టి ఏడని కాదు గానీ తిప్పడం మాత్రం నిజం. కూనలు పుట్టినప్పుడు కళ్ళు మూసుకునే ఉంటాయి, చెవులూ వినపడవు, వారం పది రోజులైతే గానీ కళ్ళు తెరవవు. ఒంట్లో వేడి నిలుపుకోవడం కూడా వాటికి చేతకాదు, అందుకే తల్లి పొట్టకి అతుక్కుపోయి పడుకుంటాయి. అలాంటి పసికూనలు ఒకేచోట రోజుల తరబడి ఉంటే ఆ చోటు వాసన పట్టేస్తుంది, కుక్కకి తెలిసిపోతుంది, వీధిలో తిరిగే గండుపిల్లికి తెలిసిపోతుంది. గండుపిల్లులు పరాయి కూనల్ని చంపేయడం కూడా ఉంది. ఇక మనుషులు వచ్చి టార్చి వేసి తొంగి చూస్తుంటే తల్లికి ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి. మీరు ముద్దుకొద్దీ చూశారు, నాకు తెలుసు, కానీ మీది ముద్దని దానికి తెలియాలంటే కొన్నాళ్ళు పడుతుంది.

అది కూనను మోసుకెళ్ళేటప్పుడు మీరు ఒక్కసారైనా చూడాలి. మెడ వెనకాల వదులుగా ఉండే చర్మాన్ని పళ్ళతో పట్టుకుంటుంది, ఎలుకను ఒక్క పట్టులో చంపే పళ్ళు అవే, కానీ కూన ఒంటి మీద గాటు పడదు. కూన కూడా ఆ పట్టు పడగానే వెనక కాళ్ళు పైకి ముడుచుకుని, తోక లోపలికి పెట్టుకుని, కదలకుండా వేలాడుతుంది. మా తాతగారు దీన్ని చూపించే మాకు మార్జాల కిశోర న్యాయం చెప్పారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి, అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ పట్టుకోదు, పట్టుకునే భారమంతా తల్లిదే. దేవుడి మీద భారం వేయడమంటే ఏమిటో చెప్పడానికి వైష్ణవ పెద్దలు ఈ రెండిటినీ ఎంచుకున్నారంటే, వాళ్ళ పెరట్లో పిల్లి తిరిగే ఉంటుందని నా నమ్మకం. అలాగని పెద్ద పిల్లిని మాత్రం మెడ పట్టుకుని ఎత్తకండి. దాని బరువు ఆ చర్మం ఆపలేదు, నొప్పి పుడుతుంది. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి ఎత్తాలి, అదీ అది ఒప్పుకుంటేనే.

ఇప్పుడు మీరు కూనల్ని వెతకొద్దు. మెట్ల దగ్గరే ఒక మూల రోజూ ఒకే వేళకి తిండీ, వేరే గిన్నెలో నీళ్ళూ పెట్టి పక్కకి వచ్చేయండి. పాలిచ్చే తల్లికి ఆకలెక్కువ, తప్పకుండా వస్తుంది. నెల దాటాక కూనలు దాని వెనకాలే బయటికొస్తాయి, అప్పుడు మీరు కింద కూర్చుంటే అవే దగ్గరికి వస్తాయి. చిన్నప్పుడు మెత్తగా తాకిన మనిషి చెయ్యి వాటికి అలవాటవుతుంది, పెద్దయ్యాక భయపడవు. ఇంటికి తెచ్చుకోవడం మాత్రం రెండు నెలలు నిండాకే. అప్పటిదాకా తల్లి దగ్గర పాలే కాదు, ఎంత గట్టిగా కొరకొచ్చు, గోళ్ళు ఎప్పుడు లోపల పెట్టుకోవాలి అన్నదీ నేర్చుకుంటాయి.

తిండి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ పొరపడతారు. పిల్లి అనగానే పాలగిన్నె పెడతారు. తెనాలి రామకృష్ణుడు వేడి పాలు పెట్టి పిల్లికి పాలంటేనే భయం పుట్టించిన కథ మీకు తెలుసుగా, ఆ కథలో పిల్లికి ఒక రకంగా మేలే జరిగింది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి ఉండదు, తాగితే విరేచనాలు అవుతాయి. ఇష్టంగా తాగుతాయి, నిజమే, ఇష్టమైనదల్లా ఒంటికి పడాలని లేదు కదా. పెరుగన్నం సంగతీ అంతే. మన శాకాహారం ఇళ్ళల్లో పాపం ప్రేమగానే పెడతారు, కానీ పిల్లి మాంసం మీద బతికే జంతువు. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో చాలినంత తయారు కాదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది అందకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. అందుకని ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ముళ్ళు తీసిన చేప, లేదంటే పిల్లుల కోసం అమ్మే తిండి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర అసలు పెట్టకూడదు, వాటి రక్తం పాడవుతుంది. స్వీట్లు పెట్టినా లాభం లేదు, తీపి రుచి వాటికి తెలియనే తెలియదు. తీపిని పట్టే జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం మానేసిందని 2005లో కనిపెట్టారు. మా పిల్లి రంగి మైసూర్ పాక్ చుట్టూ తిరిగేది నెయ్యి వాసనకే.

రంగిని మీరు కిందటి వేసవిలో చూశారు, అప్పటికది ఇంకా బక్కగా ఉండేది. రంగిలా తెలుపూ, నలుపూ, నారింజా మూడు రంగులూ ఉంటే ఆ పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. చిన్నూ, నీకు సైన్సులో క్రోమోజోములు వచ్చాయన్నావు కదా, ఇది విను. నారింజ రంగు నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు, ఒక దాంట్లో నారింజ, ఇంకోదాంట్లో నలుపు ఉన్నాయనుకో, ఒంటి మీద ఒక్కోచోట ఒక్కోటి పనిచేసి మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆ జన్యువు ఏదో కచ్చితంగా తేల్చి జపాన్ వాళ్ళూ, అమెరికా వాళ్ళూ విడివిడిగా 2025లో ప్రచురించారు. మన గోడ మీద పడుకునే దాని మచ్చల వెనక ఇంత కథ ఉందని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో!

పొద్దున్నే చేపలమ్మ కేక వీధి చివర వినపడుతుంది, నాకంటే ముందు రంగి లేస్తుంది. ముందు దాని చెవులు ఒకటి అటూ ఒకటి ఇటూ తిరుగుతాయి, తర్వాత మీసాలు ముందుకొస్తాయి, ఆ తర్వాత తోక నిటారుగా లేచి చివర కొంచెం వంగుతుంది. అలా తోక లేపి మీ వైపు వస్తే పలకరిస్తోందని. అదే తోకను టపటపా నేలకేసి కొడుతుంటే ఇక చాలు, చెయ్యి తియ్యమని. చెవులు వెనక్కి అతుక్కున్నాయంటే ఇంకా గట్టిగా చెబుతోందని. చాలామంది ఇదేదీ చూడరు, రక్కిన తర్వాత పిల్లికి విశ్వాసం లేదంటారు. అది రక్కే ముందు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో! గుర్రుమంటే సంతోషమనుకోవడం కూడా ప్రతిసారీ సరికాదు, దెబ్బ తగిలినప్పుడూ, ఒంట్లో బాగోలేనప్పుడూ కూడా గుర్రుమంటుంది. తిండి మానేసి మూలకి పోయి గుర్రుమంటుంటే డాక్టరుకి చూపించాల్సిందే.

అమ్ములూ, దానికి నువ్వంటే ఇష్టమో కాదో ఎలా తెలుస్తుందని అడిగావు. కొంచెం దూరంలో కూర్చో, దాన్ని గుచ్చి చూడకు, నీ కళ్ళు మెల్లగా సగం మూసి మెల్లగా తెరువు. అదీ అలాగే చేసిందంటే నీ దగ్గర దానికి బెదురు లేదన్నమాట. ఇంగ్లండులో 2020లో దీన్ని పరీక్ష పెట్టి మరీ చూశారు, అలా కళ్ళు మూసి తెరిచిన మనిషి దగ్గరికే పిల్లులు ఎక్కువగా వచ్చాయట.

ఇంకొక సంగతి. పిల్లి ఎదురొస్తే అపశకునమని మీ లిఫ్టులో ఎవరో తిట్టారన్నావు. పెద్దవాళ్ళతో వాదించకండి, కానీ మనసులో పెట్టుకోకండి. ధాన్యం నిలవ చేసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఎలుకల వెంట పిల్లి మనిషి దగ్గరికొచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టారు, 2004లో బయటపెట్టారు ఆ సంగతి. అపశకునమనుకున్న జంతువును పక్కన పడుకోబెట్టుకుంటారా? రంగి నాకు రోజూ ఎదురొస్తుంది, రానిరోజే నాకు బెంగ.

జాగ్రత్తలు అమ్మకు చదివి వినిపించండి. వాన పడినా చలేసినా పిల్లులు వెచ్చదనానికి కారు ఇంజిన్లోకి దూరతాయి, నాన్న కారు తీసే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టమనండి. పిల్లికి జ్వరమని మన పారాసిటమాల్ ఎప్పుడూ వేయకూడదు, ఒక్క మాత్రతో కూడా చచ్చిపోవచ్చు. రక్కినా కరిచినా దాచొద్దు, ఎంత చిన్నగాటైనా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడిగి, అమ్మకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి, రేబిస్ పిల్లి వల్ల కూడా వస్తుంది. కూనలకు మూడు నెలలు నిండాక ఆ టీకా వేయించాలి. పిల్లి పాలిచ్చే రోజుల్లోనే మళ్ళీ కడుపుతో ఉండగలదు, కాబట్టి ఈ కూనలు పాలు మానేశాక తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దాం. ఖర్చు సంగతి అమ్మ అడిగితే నాతో మాట్లాడమనండి, సగం నేనిస్తాను.

మీ
అమ్మమ్మ