చెన్నై బండెక్కే ముందు: బ్యాండు పిల్లలకు ఉత్తరం

మారతహళ్ళి, బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

కొత్త పాట విడుదల చేసి, బెంగళూరులో మొదలుపెట్టి చెన్నై, హైదరాబాదుల్లో వాయించి వస్తారని మీ అమ్మ చెప్పింది. పాట మిక్సింగే (విడివిడిగా రికార్డు చేసినవన్నీ కలపడం) ఇంకా కాలేదు, పోస్టరు మాత్రం సిద్ధమట! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే, పోస్టరు మీద తేదీ ఉంది కదా, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టండి.

మొదటి కచేరీకి రెండు వారాల ముందే పాట జనంలో ఉండాలి. వచ్చినవాళ్ళలో పదిమందికైనా పల్లవి నోటికి రావాలిగా. విడుదలకు నాలుగు వారాల ముందు ఫైలు డిస్ట్రిబ్యూటరుకు, అంటే పాటను స్పాటిఫైలాంటి యాప్‌లకు చేర్చేవాళ్ళకు, చేరాలి. అంటే కచేరీకి 6 వారాల ముందే మాస్టరింగ్ (మిక్స్‌కు పెట్టే చివరి మెరుగు) అయిపోవాలన్నమాట. ఆ నాలుగు వారాలు ఎందుకంటే, ఏదో ఒకటి తిరిగొస్తుంది. కవరు బొమ్మ చతురస్రంగా, 3000 పిక్సెళ్ళుండాలి; దాని మీద ఫోన్ నంబరో వెబ్‌సైటో వేస్తే వెనక్కి పంపేస్తారు. మీ బ్యాండు పేరే ఇంకెవరికైనా ఉంటే పాట వాళ్ళ పేజీలో పడుతుంది, దాన్ని బయటికి లాగడానికి రోజులు పడుతుంది. స్పాటిఫైలో ప్లేలిస్టు ఎడిటర్లకు పాట పంపాలన్నా విడుదలకు ముందే పంపాలి. కనీసం 7 రోజుల ముందు పంపితే మీ ఫాలోవర్లకు వచ్చే కొత్త పాటల జాబితా రిలీజ్ రాడార్‌లోనూ వస్తుంది. పాట బయటికొచ్చాక ఆ దారి ఉండదు. అందరూ విడుదలకు శుక్రవారం అంటారు, 2015 నుంచి ప్రపంచమంతా అదే ఆనవాయితీ. మీ స్థాయికి మంగళవారమైనా మునిగేదేమీ లేదు.

మిక్స్‌ను మాస్టరింగ్‌కు ఇచ్చేటప్పుడు 24 బిట్ వేవ్ ఫైలుగా ఇవ్వండి. పీక్ మైనస్ 6 డెసిబెళ్ళ దగ్గర ఆగాలి, మాస్టర్ ఛానెల్ మీద లిమిటర్ (పెద్ద శబ్దాల్ని అణిచేది) ఉండకూడదు. సౌండు పెద్దగా వినిపించాలని నలిపేస్తే లాభం లేదు. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 లఫ్స్‌కు (సౌండు ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెచ్చి వినిపిస్తుంది. నలిపిన పాట సౌండు తగ్గిపోతుంది, డ్రమ్స్‌లో పోయిన దెబ్బ మాత్రం తిరిగి రాదు.

ఇంకొకటి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత శాతం అన్నది ఇవాళే ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకం పెట్టండి. డబ్బు రాకముందు ఇది అయిదు నిమిషాల పని. రాసినవాళ్ళూ స్వరపరిచినవాళ్ళూ పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరాలి.

ఇక ప్రయాణం. డ్రమ్ సెట్టంతా మోసుకెళ్ళడం పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమే. పెద్ద డ్రమ్ములు వేదికవాళ్ళే ఇస్తారా అని ముందే కనుక్కోండి. ఇస్తే స్నేర్, సింబళ్ళు, కిక్ పెడల్ మీవి తీసుకెళితే చాలు. తీగలు రెండు సెట్లు, ప్రతి కేబులుకూ ఒక జోడీ, 9 వోల్టుల బ్యాటరీలు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, గుడ్డ టేపు మరిచిపోవద్దు.

చెన్నైలో మిమ్మల్ని ఏడిపించేది ఉక్క. బెంగళూరు పొడిగాలికి అలవాటైన అకౌస్టిక్ గిటారు అక్కడ తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేస్తాయి, వేళ్ళు నొప్పెడతాయి. మీ మృదంగం కుర్రాడికి చెప్పనక్కర్లేదు, తేమకు తోలు శ్రుతి ఎలా జారుతుందో వాడికి తెలుసు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. హాలు చేరగానే పెట్టె తెరిచి, వేదిక గాలికి అరగంటైనా వదిలి, అప్పుడు శ్రుతి చేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు, ఆరుబయట కచేరీ ఒప్పుకోకండి. డిసెంబరు మధ్య నుంచి మార్గళి సంగీత సీజన్, సభలూ సౌండువాళ్ళూ తీరిగ్గా దొరకరు.

వారం ముందే సౌండు ఇంజనీరుకు ఛానెళ్ళ జాబితా పంపండి. మీకు పది చాలు: కిక్, స్నేర్, పైన రెండు ఓవర్‌హెడ్ మైకులు, బేస్, గిటారు, కీబోర్డుకు రెండు, గొంతుకు రెండు. మృదంగం ఉన్న పాటలుంటే దానికి ఇంకో రెండు కలపండి. ఎవరు ఎక్కడ నిలబడతారో కూడా ఒక బొమ్మ గీయండి. అది లేకపోతే సౌండ్ చెక్‌కు ఇచ్చిన 30 నిమిషాల్లో 20 వైర్లకే పోతాయి.

గిటారు నుంచి "మ్‌మ్" అని హమ్ వస్తే తీగల మీద చెయ్యి వేసి చూడండి. తగ్గితే లోపం గిటారులోనో కేబులులోనో ఉండొచ్చు. తగ్గకపోతే యాంప్లిఫయర్ ఒక సాకెట్‌లో, సౌండు బోర్డు ఇంకో లైన్‌లో ఉండి రెండు ఎర్త్‌ల మధ్య కరెంటు తిరిగే గ్రౌండ్ లూప్ ఏర్పడి ఉండొచ్చు. డీఐ పెట్టె (వాయిద్యాన్ని సౌండు బోర్డుకు కలిపే చిన్న డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి, లేదా రెండింటినీ ఒకే లైన్‌కు తెండి. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ పోగొట్టే మొనగాళ్ళుంటారు. వాళ్ళ మాట వినకండి. గిటారు పట్టుకుని మైకుకు పెదవి తగిలినప్పుడు కరెంటు మీ ఒంట్లోంచి పోతుంది.

మైకు తలను గుప్పిట్లో మూయకండి. వెనక రంధ్రాలు మూసుకుంటే అది అన్ని వైపుల శబ్దాన్నీ లాగి కీచుమంటుంది. మానిటర్‌ను మైకు వీపు వైపు, మీకు ఎదురుగా పెట్టించుకోండి.

డబ్బు మాటలు వాట్సాప్‌లోనైనా సరే, రాతలో ఉండాలి. టికెట్ల మీద వాటా అంటే, 300 రూపాయల చొప్పున 80 మంది వస్తే 24,000. అందులో 70 శాతం 16,800. సౌండు అద్దె తీసేశాక వాటానా, తీయకముందా? ఈ ఒక్క ప్రశ్న అడగక చాలామంది చేతిడబ్బు పెట్టుకుని ఇంటికొస్తారు. బస, భోజనం, సౌండ్ చెక్ వేళ కూడా అందులోనే రాయించండి.

ఆరుబయట రాత్రి 10 దాటితే లౌడ్ స్పీకర్లకు నిషేధం, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. మీకిచ్చిన 45 నిమిషాలకు ఎనిమిది పాటలు వేసుకోండి. ఆలస్యమైతే కొయ్యాల్సిన పాట ఏదో ముందే అనుకోండి, అది కొత్త పాట మాత్రం కాకూడదు.

మిక్స్ అయ్యాక ఫైలు పంపండి, వింటాను. ఎంపీ3 వద్దు.

మీ
పెదనాన్న